అంచు దర్శనం

ఈఎన్‌సీ ముక్తేశ్వరరావు గారిని విదేశాలకు పంపి రోడ్లు చూసి రమ్మంటే, ఆయన ఒక నాణెం చూసి వచ్చారు.

రోడ్లు అసలు చూడలేదని కాదు. విమానాశ్రయం నుంచి హోటలుకీ, హోటలు నుంచి విమానాశ్రయానికీ రోడ్డు మీదే వెళ్ళారు. రెండుసార్లూ కునుకు పట్టింది, అంతే. తిరుగు ప్రయాణంలో కాఫీ తాగితే కొట్లో అమ్మాయి చిల్లర ఇచ్చింది. విమానానికి ఇంకా టైముంది కదా అని ఆయన ఒక బిళ్ళను టేబుల్ మీద నిలబెట్టి బొంగరంలా తిప్పుతూ కూర్చున్నారు. తిరగడం ఆగినప్పుడు దాని అంచు మీద ఎర్రటి గీత కనిపించింది. పైన తెలుపు, కింద తెలుపు, మధ్యలో ఎరుపు. దొంగ నాణెం అంటగట్టిందని అమ్మాయిని నిలదీశారు. ఆ అమ్మాయి గల్లాపెట్టెలోంచి గుప్పెడు తీసి బల్ల మీద పోసింది. అన్నిటికీ ఎర్ర గీతే.

విమానం దిగేసరికి టూర్ రిపోర్టు సిద్ధమైపోయింది. అందులో రోడ్ల ప్రస్తావన లేదు.

ఈఎన్‌సీ అంటే ఇంజనీర్-ఇన్-చీఫ్. రాష్ట్రంలో ఏ మునిసిపాలిటీలో ఏ మురిక్కాలువ వంకర పోవాలన్నా ఆయన శాఖ అనుమతితోనే పోవాలి. అలాంటి మనిషి సోమవారం పొద్దున్నే ఇంజనీర్లందరినీ వీడియో కాన్ఫరెన్సులో కూర్చోబెట్టి, నాణేన్ని కెమెరాకు ఆనించారు.

"మిత్రులారా, గమనించండి. ఇది ఒకే లోహం కాదు. మధ్యలో రాగి. పైనా కిందా నికెల్ కలిసిన తెల్ల లోహం. మూడింటినీ కలిపి ఒకే రేకుగా వత్తి, ఆ రేకులోంచి బిళ్ళలు కొడతారు. కొట్టినచోట లోపలి పొర బయటపడుతుంది. దాన్ని వాళ్ళు దాచలేదు. రంగు వెయ్యలేదు. నాణెం ముఖం మీద ఎవరి బొమ్మయినా ఉండవచ్చు, ఎంత విలువైనా రాసుకోవచ్చు. ముఖం ఏమైనా చెబుతుంది. అంచు అబద్ధం చెప్పదు."

ఒక గుక్క నీళ్ళు తాగి, ఆయన అసలు విషయానికి వచ్చారు.

"పారదర్శకత ప్రకటించదగిన విషయం కాదు, ప్రదర్శించదగిన విషయం. కావున ఈ శాఖ చేపట్టిన ప్రతి నిర్మాణమూ తన అంచును ప్రజల పరిశీలనార్థం తెరిచి ఉంచవలెను. పథకం పేరు అంచు దర్శనం. రోడ్లతో ఆరంభిస్తాం. నిలువుగా కోసి, పొరలు బయటపెట్టి, ఫొటో తీసి పంపవలెను."

రాయవరపుకోట మునిసిపాలిటీలో డీఈ కొప్పిశెట్టి త్రినాథరావు అప్పటిదాకా తెర ముందు కూర్చుని పెసరట్టు తింటున్నాడు. ఆ మాటతో అల్లం ముక్క గొంతుకు అడ్డం పడింది.

ఆయనకు మార్కెట్ రోడ్డు గుర్తొచ్చింది.

మార్కెట్ రోడ్డు కిందటేడాది వేసింది. కాగితం మీద దానికి నాలుగు పొరలు. అడుగున గ్రావెల్, దాని మీద కంకర, దాని మీద తారు కలిపిన కంకర, అన్నిటి పైన నున్నటి పూత. అడుగు నుంచి పై దాకా జానెడున్నర మందం. నిజానికి వేసింది పైపూత ఒక్కటే. నాలుగు పొరలూ పడ్డాయని స్వయంగా చూసినట్టు సంతకం చేసింది త్రినాథరావు. రిటైర్మెంటుకు ఇక రెండేళ్ళే ఉంది. అంచు కోస్తే ముందు సస్పెన్షన్, తర్వాత రికవరీ, ఆ తర్వాత పెన్షన్‌కు బదులు కోర్టు సమన్లు.

కాంట్రాక్టరు గెడ్డం దత్తుణ్ణి పిలిపించాడు. దత్తుడు ఏ ఆపదకూ కంగారు పడని మనిషి. వచ్చీ రాగానే ఫ్యాను కింది కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

"మార్కెట్ రోడ్డు అడుగున ఏముంది దత్తుడూ?"

"పాత రోడ్డు ఉందండి. మీరే అన్నారు కదండి, గట్టిగా ఉన్నదాన్ని తవ్వి పాడుచెయ్యడం ఎందుకని."

"ఎస్టిమేటులో నాలుగు పొరలున్నాయయ్యా."

"ఎస్టిమేటులో నాలుగే, బిల్లులోనూ నాలుగే. ఒక్క రోడ్డు దగ్గరే కాస్త తేడా వచ్చిందండి."

"ఆ రోడ్డునే కొయ్యమంటున్నారు."

దత్తుడు కాసేపు ఫ్యాను వంక చూశాడు. "ముందు మిగతావాళ్ళని కొయ్యనివ్వండి. అందరివీ బయటపడ్డాక మనదొక్కటే ఏం ప్రత్యేకమండీ?"

సలహా బాగానే ఉంది. త్రినాథరావు తారు వేడెక్కి ఉందని ఒకసారి, పండగ రద్దీ అని ఒకసారి వాయిదాలు వేస్తూ వచ్చాడు. ఈలోగా పథకం రాష్ట్రమంతా పాకింది.

ముందుగా, ప్రతి ఇంజనీరూ నమూనా నాణెం ఒకటి జేబులో ఉంచుకోవాలని ఉత్తర్వు వచ్చింది. విదేశీ నాణేలు తెప్పిద్దామంటే, డబ్బు పెట్టి డబ్బు కొనడానికి తమ దగ్గర పద్దు లేదని ఆర్థిక శాఖ అడ్డం కొట్టింది. దాంతో నాణేల్లాంటి బిళ్ళలు చేయించడానికి టెండరు పిలిచారు. అది దత్తుడికే దక్కింది. త్రినాథరావు తన బిళ్ళ అందుకుని అంచు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. వేలు ఎర్రబడింది.

"రాగి చేతికంటుతోందేంటి?"

"రాగి కాదండి, మా ఆవిడ గోళ్ళరంగు." దత్తుడు ఏమాత్రం మొహమాటపడలేదు. "మొదట నిజాయితీగానే చేశానండి. మూడు రేకులు అతికించి, వాషర్లు కొట్టే మిషను మీద పెట్టి కొట్టించా. ఆ దెబ్బకి పైరేకు అంచు మీదుగా కిందికి ఈడ్చుకొచ్చేసి రాగిని సగం కప్పేసింది. ఓ పక్క గీత లావు, ఓ పక్క సన్నం. టెండరు రోజున చూపించిన ఆ పెద్దాయన అసలు నాణెం కూడా, భూతద్దం పెట్టి చూస్తే, అచ్చం అంతేనండి. కానీ స్టోర్సు వాళ్ళు ఒప్పుకోలేదు. గీత చుట్టూ సమానంగా ఉంటేనే తీసుకుంటామన్నారు. సమానంగా ఉండాలంటే రంగే గతి. రేకులు మానేశా."

"అంటే నిజమైనవి వెనక్కి పంపి..."

"దొంగవి పాసు చేశారండి. మెచ్చుకుంటూ లెటరు కూడా ఇచ్చారు."

ఆ తర్వాత శాఖ రోడ్లతో ఆగలేదు. ఆఫీసు బీరువాల తలుపులు కోశారు. కమిషనర్ గారి సోఫా కోస్తే స్పాంజి ఉండాల్సినచోట ఎన్నికలనాటి ఫ్లెక్సీలు బయటపడ్డాయి. క్యాంటీనులో ఉప్మా పెసరట్టును అడ్డంగా కోసి, పొరలు పైకి కనపడేలా నిలబెట్టి వడ్డించాలని బోర్డు పెట్టారు. ఉప్మా నిలబడేది కాదు. నిలబడని ఉప్మాకు బిల్లు ఆపేశారు. పక్క ఊళ్ళో నీళ్ళ ట్యాంకు గోడ కోశారు. పొరలు చక్కగా కనిపించాయి. వాటి వెనకాలే నీళ్ళు కనిపించాయి. మూడు వీధుల జనం మంచాలెక్కి కూర్చున్న ఫొటోలు రాజధానికి చేరితే, నీటిని కూడా ఒక పొరగా గుర్తించి ప్రజల ముంగిటికే తీసుకువెళ్ళినందుకు అభినందనలని జవాబు వచ్చింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, త్రినాథరావు దగ్గర పనిచేసే ఏఈ పూర్ణిమ చేతిలో కాగితంతో లోపలికి వచ్చింది. పోస్టాఫీసు రోడ్డు ఆమే వేయించింది. ఎండలో గొడుగు పట్టుకుని నిలబడి, ప్రతి పొరా ఇనప స్కేలుతో కొలిచి మరీ వేయించింది. ఆమె పద్ధతి నచ్చక దత్తుడు ఆ పనికి టెండరే వెయ్యలేదు. అంచు కొయ్యమనగానే జంకు లేకుండా కోయించింది. నాలుగు పొరలూ గీత గీసినట్టు వచ్చాయి.

"సార్, మెమో వచ్చింది."

"నీకా? దేనికమ్మా?"

"రోడ్డు వేసినందుకు." ఆమె చదివింది. "నమూనా నాణెమునందు పొరలు మూడు మాత్రమే ఉండగా, మీ రోడ్డునందు నాలుగు కనబడుచున్నవి. అదనపు పొర ఎవరి అనుమతితో వేసితిరో తెలుపవలెను. మరియు ఎర్ర పొర కనబడుట లేదు."

"నువ్వేం రాశావు?"

"రోడ్లలో రాగి వెయ్యరని రాశాను. ఆ విషయం మీరే నిర్ణయించుటకు గల అధికారమేమిటని ఇంకో మెమో ఇచ్చారు. దొంగ రోడ్డు వేస్తే ఏం రాయాలో సీనియర్లు చెబుతారు గానీ, అసలు రోడ్డు వేస్తే ఏం రాయాలో ఎవరూ చెప్పట్లేదు సార్."

ఆఖరి మాట తనకే తగిలిందని త్రినాథరావుకు తెలుసు. కానీ బాధపడే తీరిక లేదు. బుర్రలో ఏదో వెలిగింది. పై వాళ్ళకు కావలసింది రోడ్డు కాదు, నాణెం.

ఆ సాయంత్రమే మార్కెట్ రోడ్డు పక్కన కోసిన రోడ్డు అంచులా కనబడేలా, బారెడు పొడవున సిమెంటు గోడ లేచింది. సైన్‌బోర్డులు రాసే పెయింటరు దాని మీద తెలుపు, ఎరుపు, తెలుపు పట్టీలు వేశాడు. రంగు ఆరకముందే ఒక గేదె వచ్చి గోడకు ఒళ్ళు రుద్దుకుని పోయింది. ఎర్ర పట్టీ ఒకచోట లావుగా, ఒకచోట సన్నంగా అయింది. మళ్ళీ వేయించే ఓపిక లేక, త్రినాథరావు అలాగే ఫొటో తీయించి పంపేశాడు.

వారం తిరక్కుండా శ్రీముఖం వచ్చింది. మీ రోడ్డు నమూనాకు మిక్కిలి దగ్గరగా ఉన్నది, అయితే ఎర్ర పొర మందము ఒకే తీరుగా లేకపోవుటకు కారణమేమి?

గేదె అని రాయలేడు. కలం పట్టుకుని కూర్చుంటే, దత్తుడు వాషర్ల మిషను గురించి చెప్పింది గుర్తొచ్చింది. బిళ్ళగా కొట్టినప్పుడు పై లోహము అంచు మీదుగా కిందికి ఈడ్వబడి, మధ్య పొరను కొంత మేర కప్పుట ప్రకృతి సహజమనీ, తమ వద్దనున్న అసలు నాణెమును భూతద్దముతో పరికించినచో అందునూ గీత అసమానముగా ఉండుట గమనింపవచ్చుననీ, మా రోడ్డు అసలు నాణెమునకు అంత విధేయముగా ఉన్నదనీ రాసి పంపేశాడు.

రెండోరోజు ఫోను మోగింది. ఈఎన్‌సీ గారే.

"త్రినాథరావు గారూ, భూతద్దంతో చూశాను. మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఇంతమంది ఇంజనీర్లున్నారు, నాణెం అర్థమైంది మీ ఒక్కరికేనయ్యా."

"తమ దయ సార్."

"ఎల్లుండి వస్తున్నాను. మీ రోడ్డు నడిమధ్యలో నా చేతులతో కొత్త అంచు తెరుస్తాను. దాన్నే రాష్ట్రానికి ఆదర్శ అంచుగా ప్రకటిస్తాం. కోత మిషను నేనే తెస్తున్నాను, మీరు శ్రమపడకండి."

త్రినాథరావు ఫోను పెట్టేసి, ఎదురుగా కూర్చున్న దత్తుడి వంక చూశాడు. "నడిమధ్యలో కోస్తాడట."

"రేపొక్క రోజులో నాలుగు పొరలు వెయ్యలేనండి," అన్నాడు దత్తుడు. "అసలు నాలుగు పొరలు వేసి చాలా కాలమైంది. అలవాటు తప్పింది."

అన్న రోజున మార్కెట్ సెంటర్‌లో షామియానా వేశారు. బజారు జనమంతా పోగయ్యారు. త్రినాథరావు తెల్ల చొక్కా వేసుకున్నాడు. అరెస్టయితే పేపర్లో ఫొటో కాస్త మర్యాదగా పడుతుందని ఆయన ఆలోచన. ముక్తేశ్వరరావు గారు కారు దిగి నాలుగు వైపులా చూసి, మైకు అందుకున్నారు.

"ఈ ఊరు నాకు కొత్త కాదు. ఏఈగా నా ఉద్యోగ జీవితం ఆరంభమైంది ఈ వీధుల్లోనే. మార్కెట్ ఏమీ మారలేదు. ఏమ్మా, బాగున్నారా?"

ఆయన పలకరించింది ఉల్లిపాయల కొట్టు ముసలమ్మ మంగమ్మను. ఆమె కొట్టు రోడ్డుకు నడుము లోతు దిగువన ఉంది. కొట్లో కూర్చున్న ఆమె మొహం ఒక్కటే పైకి కనబడుతోంది.

"ఏం బాగు బాబూ. ఒకప్పుడు నా కొట్టుకి మూడు మెట్లెక్కి వచ్చేవోళ్ళు. మీరు రోడ్డేసినప్పుడల్లా ఓ మెట్టు పోయింది. ఇప్పుడు నిచ్చెనేసుకు దిగుతున్నారు."

"అభివృద్ధి," అన్నారు ఈఎన్‌సీ గారు.

మిషను మోగింది. రోడ్డు నడుమ చదరంగా కోసి, గునపాలతో ముక్కను పైకి లేపారు. ఈఎన్‌సీ గారు రుమాలు పరుచుకుని మోకాళ్ళ మీద వంగారు. త్రినాథరావు కళ్ళు మూసుకున్నాడు.

"ఒకటి," అని వినిపించింది. "రెండు. మూడు. నాలుగు."

త్రినాథరావు కళ్ళు తెరిచాడు.

"అయిదు. ఆరు."

గోతి అంచు మీద నల్ల గీత, దుమ్ము గీత, నల్ల గీత, దుమ్ము గీత, దొంతరగా పేర్చిన అప్పడాల్లా కిందిదాకా ఉన్నాయి. లెక్క పదకొండు దగ్గర ఆగింది. త్రినాథరావుకు అప్పుడర్థమైంది. తన పైపూత కింద ఉన్న పాత రోడ్డు కూడా పైపూతే. దాని కింద ఉన్నదీ పైపూతే. గట్టిగా ఉన్నదాన్ని తవ్వడం ఎందుకన్న ఆలోచన తన ఒక్కడికే వచ్చింది కాదు.

"నిబంధన నాలుగు," అన్నారు ఈఎన్‌సీ గారు పొంగిపోతూ లేచి నిలబడి. "సాధన పదకొండు. పోస్టాఫీసు రోడ్డుకు నాలుగే ఎందుకున్నాయో సంజాయిషీ తీసుకోండి."

పూర్ణిమ ముందుకు వచ్చింది. ఈ మెమోతో ఆమెకు మూడు. "తప్పకుండా ఇస్తాను సార్. చిన్న సందేహం. ఈ రోడ్డు పదకొండుసార్లు వేశాం. వేసినప్పుడల్లా నాలుగు పొరలకు బిల్లు చెల్లించాం. అంటే నలభై నాలుగు ఉండాలి. పదకొండే ఉన్నాయి."

జనంలో ఎవడో వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఈఎన్‌సీ గారి మొహంలో ఆనందం మెల్లిగా జారి, దాని వెనకాల అధికారం బయటపడింది.

"ముప్పై మూడు పొరలు మాయం. త్రినాథరావు గారూ, ఏ పొర ఎవరిదో చెప్పండి. పైనుంచి."

ఇక దాచేదేమీ లేదు. త్రినాథరావు గోతి పక్కన కూర్చుని పుల్లతో చూపించాడు.

"మొదటిది నాది సార్."

"సస్పెండ్. రెండు?"

"చలమయ్య గారిది. ఇప్పుడు ఈఈ."

"సస్పెండ్. మూడు?"

"గోపాలస్వామి గారిది. రిటైరయ్యారు."

"పెన్షన్ ఆపండి. నాలుగు?"

నాలుగు అమెరికా వెళ్ళిన కొడుకు దగ్గరున్నాడు, నోటీసు పంపమన్నారు. అయిదు మరీ పైస్థాయికి వెళ్ళాడు, విచారణ కమిటీ వెయ్యమన్నారు. ఆరు చనిపోయాడు, సంతాపం తెలిపి రికవరీ పెట్టమన్నారు. ఏడు, ఎనిమిది అన్నదమ్ములు, ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తర్వు చాలన్నారు. పక్కన పీఏ రాసుకోలేక చెమటలు కక్కుతున్నాడు.

"తొమ్మిది?"

త్రినాథరావు పుల్ల గాలిలో ఆగింది. ఊళ్ళో ఏ రోడ్డు ఎవరి హయాంలో పడిందో ఆఫీసులో వెనకటి వాళ్ళు కథలుగా చెప్పుకునేవారు. తొమ్మిదో పొర పేరు ఆయనకు బాగా తెలుసు. చెబితే ఆ గోతిలోనే తనను కప్పెట్టవచ్చు. చెప్పకపోతే సస్పెన్షన్ ఎలాగూ తప్పదు. ఉన్నవి రెండే దారులు, ఒకదాని చివర గోడ ఉంది.

"తొమ్మిదోది మంచి పొర సార్," అన్నాడు నెమ్మదిగా. "కుర్ర ఏఈ గారు కొత్తగా ఉద్యోగంలో చేరి వేయించింది. ఆయన తర్వాత చాలా పెద్దవారయ్యారు."

"పేరు చెప్పండి."

"ఈ ఊరు తమకు కొత్త కాదని ఇందాకే సెలవిచ్చారు సార్."

ఈఎన్‌సీ గారు మళ్ళీ రుమాలు పరిచి వంగారు. తొమ్మిదో గీత కోసం వేలితో వెతికారు. వేలికి దొరకలేదు. జేబులోంచి నాణెం తీసి, అంచు ఆ గీతకు ఆనించి చూశారు. నాణెం మందంగా ఉంది. దాని తెలుపు, ఎరుపు, తెలుపు మూడింట్లో ఒక్క ఎరుపుతోనే ఆయన రోడ్డు కప్పబడిపోయింది.

చాలాసేపు అలాగే ఉండిపోయారు. వెనకనున్న వాళ్ళలో ఇద్దరు ఆయన నడుము పట్టేసిందనుకుని చెయ్యి అందించారు. లేచి, మోకాళ్ళు దులుపుకుని, నాణేన్ని జేబులో వేసుకుని మైకు తీసుకున్నారు.

"పథకం తన లక్ష్యాన్ని సంపూర్ణంగా సాధించింది. అయితే తెరిచి ఉంచిన అంచులు ఎండకూ వానకూ గురై క్షీణించే ప్రమాదమున్నట్టు క్షేత్ర పరిశీలనలో తేలింది. ఇంతటి చారిత్రక సంపదను కాపాడుకోవడం మన బాధ్యత. రాష్ట్రంలోని అంచులన్నిటినీ తక్షణం సిమెంటుతో మూసివేయవలెను. ఆ పనికి ప్రత్యేకాధికారిగా త్రినాథరావు గారిని నియమిస్తున్నాను. ఇందాకటి ఉత్తర్వులన్నీ మౌఖికమైనవి."

పీఏ తను రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా పోస్టాఫీసు రోడ్డు అంచు కూడా మూసెయ్యాలా సార్?" అడిగింది పూర్ణిమ.

"ముఖ్యంగా అదే," అన్నారు ఈఎన్‌సీ గారు, కారెక్కుతూ. "దాన్ని చూస్తే జనానికి అనవసరమైన పోలికలు వస్తాయి."

కార్లు వెళ్ళాయి. షామియానా విప్పుతున్నారు. గోతి పక్కన త్రినాథరావు ఇంకా చతికిలబడే ఉన్నాడు. దత్తుడు వచ్చి పక్కనే కూర్చుని, గోతి అంచు వంక కొలిచే చూపు చూశాడు.

"సిమెంటు ఎంత మందం వెయ్యాలండీ?"

"ఎస్టిమేటు నాలుగంగుళాలకు వేద్దాం."

"ఎస్టిమేటు సంగతి కాదండి. వేసేది."

త్రినాథరావు చుట్టూ చూశాడు. పూర్ణిమ అవతలి గట్టున నిలబడి ఇనప స్కేలుతో చేతిలో మెల్లిగా కొట్టుకుంటూ వాళ్ళనే చూస్తోంది. ఆయన ఆమెకు వీపు పెట్టి తిరిగి, దత్తుడికి చిటికెనవేలి గోరు చూపించాడు.